కప్పినంత మాత్రాన తొలగిపోదు

మన కుటుంబాలలో కంప్యూటర్ ఇప్పుడు చదువుకునే పిల్లలకు మాత్రమే చెందిన వస్తువు కాదు. షాదీ రుఖా, వలీమా ఆహ్వానం, మదర్సా వార్షికోత్సవపు ఫ్లెక్సీ, రమజాను మాసపు సహరీ, ఇఫ్తార్ వేళల పట్టిక, దుకాణపు బోర్డు మొదలైన వాటి కూర్పు చాలా ఇండ్లలో జరుగుతున్నది. డిగ్రీ చదువుతున్న అమ్మాయిలు, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువకులు ఇంటిలోనే కూర్చుని ఈ పని చేసి, ప్రెస్సుకు ఫైలు పంపి, నాలుగు రూపాయలు హలాలుగా సంపాదించుకుంటున్నారు. ఇది సంతోషించదగిన విషయం.

అయితే పని చేతికి వచ్చినంత వేగంగా పని వెనుక ఉన్న సూత్రం చేతికి రాదు. ఏ మీట నొక్కితే ఏమి జరుగుతుందో తెలిసినవారికి కూడ, అది ఎందుకు జరుగుతుందో తెలియక ఐదువందల కార్డులు అచ్చయిన తరువాత నష్టపోయే సందర్భాలు కలుగుతాయి. అంతకంటె ముఖ్యమైన నష్టం మరొకటి ఉన్నది. కప్పివేశామని నమ్మిన ఒక ఫోటో, దాచివేశామని నమ్మిన ఒక ఆధార్ సంఖ్య, మన ఫైలులోనే భద్రంగా ఉండి పరాయివారి చేతికి చేరిపోవచ్చు. ఈ రెండు నష్టాలకూ మూలం ఒక్కటే. వెక్టర్ షేప్, లేయర్ మాస్క్ అనే రెండింటి స్వభావం స్పష్టంగా తెలియకపోవడమే ఆ మూలం. ఈ నెల మేము ఆ రెండింటిని గురించి వివరంగా చెప్పదలచుకున్నాము.

గీతకూ చుక్కలకూ భేదం

కంప్యూటర్‌లో బొమ్మ రెండు విధాలుగా ఉంటుంది. మొదటిది చుక్కల బొమ్మ. ఫోన్‌తో తీసిన ఫోటో ఇటువంటిదే. లక్షలాది చిన్న చదరాలను, అంటే పిక్సెళ్లను, పక్కపక్కన పేర్చి ఆ బొమ్మను తయారు చేస్తారు. రెండవది గీతల బొమ్మ. దీనినే వెక్టర్ అంటారు. ఇందులో చుక్కలు ఉండవు. కొన్ని కీలక బిందువులు, వాటిని కలిపే వంపుల లెక్క మాత్రమే ఉంటాయి. ఈ వంపుల గణితాన్ని 1960 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు కార్ల పరిశ్రమలో పనిచేసిన పాల్ ద కాస్తెల్జో, పియెర్ బెజియే అనే ఇద్దరు రూపొందించారు. కారు పైకప్పు వంపును కాగితం మీద కచ్చితంగా చెప్పడానికి పుట్టిన ఆ లెక్కే నేడు మన పెండ్లి పత్రిక మీది లతలను గీస్తున్నది.

ఫోటోషాప్ 1990లో వెలువడింది. 1994 నాటి మూడవ వెర్షన్‌లో లేయర్లు వచ్చాయి. వెక్టర్ షేపులు 2000 సంవత్సరపు ఆరవ వెర్షన్‌తో చేరాయి. అందువల్ల ఆ సాఫ్ట్‌వేర్‌లో చుక్కల బొమ్మలు, గీతల బొమ్మలు ఒకే ఫైలులో కలిసి ఉంటాయి. చూపుకు రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి. పెద్దవి చేసినప్పుడు గాని భేదం బయటపడదు.

ఒక లెక్క చూడండి. 600 పిక్సెళ్ల వెడల్పు గల ఒక చిహ్నాన్ని ఎవరో వాట్సాప్‌లో పంపారు. దానిని పది అడుగుల ఫ్లెక్సీకి సాగదీశారు. పది అడుగులంటే 120 అంగుళాలు. అంగుళానికి ఐదు చుక్కలు మాత్రమే వస్తాయి. మంచి కార్డు అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. ఫ్లెక్సీని దూరం నుండి చూస్తారు గనుక అంత అవసరం లేదు. కాని ఐదు చుక్కలతో ఏ బొమ్మా నిలువదు. అదే చిహ్నాన్ని వెక్టర్ షేపుగా గీసి ఉంటే, పది అడుగులైనా వంద అడుగులైనా అంచు పదునుగానే ఉంటుంది. కీలక బిందువుల స్థానాలను కంప్యూటర్ మళ్లీ లెక్కించుకొని గీతను కొత్తగా గీస్తుంది.

చుక్కల బొమ్మను ఒకసారి చిన్నది చేసి ఎంటర్ నొక్కి, మరల పెద్దది చేస్తే పోయిన చుక్కలు తిరిగి రావు. ఏడు డిగ్రీలు తిప్పి, నచ్చక మళ్లీ మూడు డిగ్రీలు తిప్పితే ప్రతిసారీ చుక్కలను కొత్తగా అంచనా వేసి పేర్చవలసి వస్తుంది; అందువల్ల బొమ్మ కొంచెం కొంచెంగా మసకబారుతుంది. దీనికి విరుగుడు స్మార్ట్ ఆబ్జెక్ట్. మార్పు మొదలుపెట్టడానికి ముందే ఫోటో లేయర్‌ను స్మార్ట్ ఆబ్జెక్టుగా మార్చుకుంటే అసలు ఫోటో లోపల చెక్కుచెదరక ఉంటుంది; ఎన్నిసార్లు తిప్పినా లెక్క అసలు నుండే మొదలవుతుంది.

అక్షరాన్ని సాగదీయరాదు

మన పనులలో తరచు కనబడే ఒక లోపాన్ని ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. కార్డు పై భాగంలో బిస్మిల్లాహ్ అరబీ లిపిలో ఉంటుంది. దానికి కేటాయించిన స్థలం వెడల్పుగా ఉంటుంది. దొరికిన ఖత్ కొంత పొట్టిగా ఉంటుంది. వెంటనే దాని పక్క అంచును పట్టుకొని లాగివేస్తారు. స్థలం నిండుతుంది, కాని అక్షరం చెడిపోతుంది.

అరబీ లిపికి కొలత ఉన్నది. బాగ్దాదులో అబ్బాసీ ఖలీఫాల వద్ద వజీరుగా పనిచేసి 940లో మరణించిన ఇబ్నె ముఖ్లా ఆ కొలతను నిర్ణయించాడని ఖత్ చరిత్ర చెబుతుంది. కలం మొనను కాగితం మీద ఏటవాలుగా నొక్కితే ఏర్పడే చుక్క, అంటే నుఖ్తా, ఆ కొలతకు ప్రమాణం. అలిఫ్ ఎన్ని నుఖ్తాల ఎత్తు ఉండవలెనో, బే ఎన్ని నుఖ్తాల పొడవు ఉండవలెనో శైలిని బట్టి నియమం ఉంటుంది. వెడల్పును మాత్రమే ఒకటిన్నర రెట్లు చేశామనుకోండి. నిలువు గీతల మందం ఒకటిన్నర రెట్లవుతుంది. అడ్డు గీతల మందం మాత్రం ఉన్నట్లే ఉంటుంది. నుఖ్తా చదునుగా నలిగిపోతుంది. ఏ కలమూ అటువంటి గీత గీయజాలదు. కాతిబులు ఏండ్ల తరబడి కూర్చుని సాధించిన నిష్పత్తి ఒక్క క్షణంలో పోతుంది.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ స్వభావం కూడ తెలిసి ఉండవలెను. పాత ఫోటోషాప్‌లో షిఫ్ట్ మీట పట్టుకొని మూలను లాగితేనే నిష్పత్తి నిలిచేది. 2019 వెర్షన్‌లో ఈ నియమం తిరగబడింది. ఫోటోలకు, అక్షరాలకు షిఫ్ట్ లేకుండానే నిష్పత్తి నిలిచింది. వెక్టర్ షేపులకు మాత్రం షిఫ్ట్ అవసరం కొనసాగింది. ఒకే ఫైలులో ఫోటోకు ఒక విధంగా, షేపుకు మరొక విధంగా చేయి కదపవలసి రావడం వలన చాలామంది తికమకపడ్డారు. 2020 వెర్షన్ నుండి అన్నింటికీ ఒకే నియమం వచ్చింది. మన ఇండ్లలోని కంప్యూటర్లలో పాతవి, కొత్తవి రెండూ ఉన్నాయి. కనుక అలవాటును నమ్మవద్దు. కంట్రోల్, టి మీటలు నొక్కిన తరువాత పైపట్టీలో వెడల్పు, ఎత్తు శాతాల మధ్య కనిపించే గొలుసు గుర్తును చూడండి. రెండు శాతాలూ సమానంగా ఉంటే అక్షరం క్షేమంగా ఉన్నట్లు.

మరి స్థలం నింపడం ఎట్లా? దానికి లిపిలోనే మార్గం ఉన్నది. అరబీలో కొన్ని అక్షరాల మధ్య గీతను పొడిగించే కషీదా అనే పద్ధతి అనాదిగా ఉన్నది. కషీదా ఉన్న మరొక రచనను ఎంచుకోవడం, లేదా ఇరువైపుల చిన్న అలంకారం పెట్టడం మేలు. మరొక జాగ్రత్త కూడ అవసరం. ఫోటోను ఎడమ కుడి తిప్పే ఫ్లిప్ ఆదేశం ఇచ్చేటప్పుడు ఆ లేయర్‌లో ఏదైనా లిపి ఉన్నదేమో చూసుకోండి. గోడమీది ఆయతు తలక్రిందులుగా కాకపోయినా అద్దంలో వలె తిరగబడి అచ్చయితే, ఎవరి మనసైనా నొచ్చుకుంటుంది.

తెలుగు, ఉర్దూ అక్షరాలకు సంబంధించి మరొక మాట. ఫైలు ప్రెస్సుకు పంపేటప్పుడు అక్కడి యంత్రంలో మన ఫాంటు లేకపోతే ఒత్తులు విడిపోతాయి, ఉర్దూ అక్షరాలు తెగిపోతాయి. అందుకే అక్షరాన్ని వెక్టర్ షేపుగా మార్చి పంపడం ఆచారం. మార్చిన తరువాత అది అక్షరం కాదు, కేవలం గీత. వరుని తండ్రి పేరులో తప్పు దొరికితే దిద్దే వీలుండదు. కాబట్టి మార్చకముందు ఒక ప్రతిని వేరుగా భద్రపరచి, పెద్దల చేత చదివించి, వారు సరేనన్న తరువాతనే షేపుగా మార్చండి.

రెండు చతురస్రాలతో ఒక నక్షత్రం

సిద్ధాంతం చదివితే చాలదు, చేతితో చేసి చూడవలెను. పిల్లలతో కలిసి చేయదగిన ఒక చిన్న అభ్యాసం చెబుతాము. షిఫ్ట్ పట్టుకొని ఒక చతురస్రపు షేపు గీయండి. కంట్రోల్, జె మీటలతో దానికి ప్రతి తీయండి. కంట్రోల్, టి నొక్కి, పైపట్టీలో కోణం దగ్గర 45 అని వ్రాసి ఎంటర్ నొక్కండి. ఎనిమిది మొనల నక్షత్రం సిద్ధమవుతుంది. మన పాత కట్టడాల జాలీలలోను, జుజ్ లెక్క తెలిపే గుర్తులలోను కనిపించే ఆకారం ఇదే.

ఇప్పుడు ఒక పూరేకు గీయండి. కంట్రోల్, ఆల్ట్, టి మీటలు కలిపి నొక్కితే దాని ప్రతి మీద మార్పు మొదలవుతుంది. కేంద్రబిందువును పూరేకు మొదలు దగ్గరకు జరపండి. కొత్త వెర్షన్లలో ఈ బిందువు దాగి ఉంటుంది, పైపట్టీలోని చిన్న గడిని నొక్కితే బయటపడుతుంది. కోణం 30 వ్రాసి ఎంటర్ నొక్కండి. తరువాత కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, టి నాలుగింటిని కలిపి పదిసార్లు నొక్కండి. మొదటి పూరేకు, మొదటి ప్రతి, ఈ పది కలిసి పన్నెండు. 360ని 30తో భాగిస్తే పన్నెండే కదా! బడిలో కోణాలంటే భయపడే పిల్లవాడు ఈ పువ్వును చూసిన తరువాత లెక్కను వేరొక దృష్టితో చూస్తాడు. ఫోటోషాప్ కొనలేనివారు విచారించనక్కరలేదు. గీతల పనికి ఇంక్‌స్కేప్, ఫోటోల పనికి గింప్ ఉచితంగా లభిస్తాయి. మీటలు వేరైనా సూత్రాలు ఇవే.

మాస్క్ అంటే పరదా

ఇక లేయర్ మాస్క్ సంగతి. ఫోటోలో అక్కరలేని భాగాన్ని రబ్బరుతో తుడిచివేస్తే అది పోతుంది. మాస్క్ అట్లా తుడవదు, కప్పుతుంది. మాస్క్ అనేది లేయర్‌కు తగిలించిన నలుపు తెలుపుల పలక. తెలుపు ఉన్నచోట బొమ్మ కనబడుతుంది, నలుపు ఉన్నచోట దాగుతుంది, బూడిద రంగు ఉన్నచోట సగం కనబడుతుంది. నలుపుకు 0, తెలుపుకు 255 అని లెక్క. నేడు దాచినదాన్ని రేపు తెల్లని బ్రష్షుతో వెలికి తీయవచ్చు. పని నేర్చుకునేవారికి ఇంతకంటె దయగల సాధనం లేదు.

లేయర్ చిత్రానికీ మాస్క్ చిత్రానికీ మధ్య చిన్న గొలుసు గుర్తు ఉంటుంది. గొలుసు ఉన్నంతవరకు ఒకదాన్ని జరిపితే రెండవది కూడ జరుగుతుంది. ఒకదాన్ని తిప్పితే రెండవది తిరుగుతుంది. గొలుసును నొక్కి విడదీస్తే, దేని చుట్టూ గడి కనబడుతున్నదో అది మాత్రమే కదులుతుంది. గుండ్రని చట్రంలో మసీదు ఫోటో పెట్టారు. చట్రం కదలకుండా లోపలి ఫోటో మాత్రం కొంచెం పైకి జరగవలెను. గొలుసు విడదీసి ఫోటో చిత్రాన్ని నొక్కి జరపండి. పని పూర్తికాగానే గొలుసును మళ్లీ తగిలించడం మరువవద్దు.

ఇక్కడ వెక్టర్ షేపుకూ లేయర్ మాస్కుకూ గల సంబంధం చూడవలెను. షేపు గీతలతో ఏర్పడింది. దానికి తగిలించిన లేయర్ మాస్క్ మాత్రం చుక్కలతో ఏర్పడింది. రెండింటినీ కలిపి మూడు రెట్లు పెద్దవి చేస్తే షేపు అంచు పదునుగా నిలుస్తుంది, మాస్క్ అంచు మసకబారుతుంది. ఒకే ఆకారంలో ఒక పక్క పదును, ఒక పక్క మసక ఎందుకు వచ్చాయో తెలియక చాలామంది ఫాంటును, ప్రెస్సును తప్పుపడతారు. దీనికి మూడు ఉపాయాలు ఉన్నాయి. కప్పవలసిన అంచు స్పష్టమైన ఆకారమైతే లేయర్ మాస్కుకు బదులు వెక్టర్ మాస్క్ వాడండి. అది కూడ గీతలతో ఏర్పడినదే గనుక ఎంత పెంచినా చెడదు. మెత్తని అంచు తప్పనిసరి అయితే ముందు కొలత నిర్ణయించుకొని, పెంచడం తగ్గించడం ముగిసిన తరువాత మాస్క్ వేయండి. మాస్క్ కదలరాదు, షేపు మాత్రమే మారవలెను అనుకుంటే షేపును ఒక గ్రూపులో పెట్టి మాస్కును గ్రూపుకు తగిలించండి.

నీడ, మెరుపు వంటి ఎఫెక్టులు లేయర్‌తో పాటు పెరగవు, తగ్గవు. చిన్న కార్డు మీద అందంగా ఉన్న నీడ, అదే షేపును పెద్దది చేసినప్పుడు సన్నని గీతగా మిగిలిపోతుంది. ఎఫెక్టుల కొలతను వేరుగా మార్చుకోవలెను.

దాచినది ఎక్కడికి పోయింది?

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాము. మాస్క్ తుడవదు, కప్పుతుంది అన్నాము. పని చేసేటప్పుడు అది వరం. ఫైలు చేయి మారేటప్పుడు అదే ప్రమాదం.

కుటుంబ సమేతంగా తీసిన ఒక ఫోటో నుండి తాతగారి చిత్రాన్ని మాత్రం వేరుచేసి కార్డులో పెట్టారనుకోండి. పక్కన ఉన్న ఇంటి ఆడవారిని మాస్క్‌తో కప్పివేశారు. తెర మీద తాతగారు మాత్రమే కనబడుతున్నారు. ఆ ఫైలును లేయర్లతో సహా ప్రెస్సుకు పంపారు. అక్కడ ఎవరైనా షిఫ్ట్ పట్టుకొని మాస్క్ మీద ఒక్కసారి నొక్కితే చాలు, ఎర్రని గుర్తు పడి పరదా తొలగి, ఫోటో అంతా ప్రత్యక్షమవుతుంది. తమ ఫోటో బయటకు పోకూడదని కోరుకున్న ఇల్లాలికి ఈ సంగతి తెలియదు. ఫైలు పంపిన అబ్బాయికీ తెలియదు. ఎవరి దురుద్దేశమూ లేకుండానే అమానతు భంగమైంది.

ఆధార్, పాన్ కార్డుల విషయమూ ఇంతే. సంఖ్య మీద నల్లని దీర్ఘచతురస్రపు షేపు పెట్టి పీడీఎఫ్‌గా భద్రపరుస్తారు. ఆ షేపు కింద సంఖ్య యథాతథంగా ఉండిపోతే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఆ నల్ల ముక్కను పక్కకు జరపడం ఎవరికైనా సాధ్యమే. షేపును జరపడం ఎంత సులభమో పైన మనమే నేర్చుకున్నాము కదా! ఫోన్‌లోని మార్కర్‌తో గీయడం కూడ నమ్మదగినది కాదు. ఆ సిరా పూర్తి నలుపు కాక పారదర్శకమైనదైతే, వెలుతురు పెంచినప్పుడు కింది అంకెలు బయటపడతాయి. 2023 మార్చిలో మరొక సంగతి వెల్లడైంది. కొన్ని ఫోన్లలో కత్తిరించి పంపిన స్క్రీన్‌షాట్ల నుండి, కత్తిరించిన భాగాన్ని కొంతవరకు తిరిగి రాబట్టవచ్చునని పరిశోధకులు చూపారు. తరువాత ఆ లోపాన్ని సరిదిద్దారు; కాని అంతకు ముందు పంపిన చిత్రాలు పంపినట్లే ఉన్నాయి.

కాబట్టి ఫైలు ఇల్లు దాటకముందు ఈ నాలుగు పనులు చేయవలెనని మేము కోరుతున్నాము.

ఒకటి, చూడడానికి పంపే ప్రతి ఎప్పుడూ లేయర్లు లేని జేపెగ్ గాని పీఎన్‌జీ గాని అయి ఉండవలెను. అందులో కనిపించేదే ఉంటుంది, కప్పినది ఉండదు.

రెండు, లేయర్ల ఫైలే ప్రెస్సుకు కావలసి వస్తే, ముందుగా వేరొక ప్రతి తీసి, అందులో మాస్కును అప్లై చేయండి. అప్లై అంటే దాగిన భాగం శాశ్వతంగా పోతుంది. డిలీట్ అంటే మాస్క్ మాత్రమే పోయి, దాగిన భాగం బయటకు వస్తుంది. ఈ రెండు మాటలను తారుమారు చేయవద్దు.

మూడు, ఆ లేయర్ స్మార్ట్ ఆబ్జెక్ట్ అయితే మాస్కు సంగతి చూసుకొని ఊరుకుంటే సరిపోదు. అసలు ఫోటో దాని లోపల ఇంకా భద్రంగానే ఉంటుంది. ముందు దానిని రాస్టరైజ్ చేసి, అంటే మామూలు చుక్కల లేయర్‌గా మార్చి, తరువాత మాస్కును అప్లై చేయండి. ఫోటోను క్రాప్ చేసి ఉంటే, కత్తిరించిన పిక్సెళ్లను తొలగించు అనే గడిలో గుర్తు ఉన్నదో లేదో కూడ చూడండి.

నాలుగు, ఆధార్ సంఖ్యను మీరు కప్పనక్కరలేదు. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆ సంస్థ వెబ్‌సైటు నుండే పొందవచ్చు. అది చెల్లే చోట్ల దానినే ఇవ్వండి.

సంబంధాల ఫోటోలు

చివరిగా ఒక మాట. సంబంధాలు చూసేటప్పుడు ఫోటోలను ఇచ్చిపుచ్చుకోవడం మన ఇండ్లలో సాధారణమైంది. ఆ ఫోటోను నిలువుగా కొంచెం లాగితే మనిషి పొడవుగా, సన్నగా కనిపిస్తాడు. ముఖం అంచులను లోపలికి నెట్టే సాధనాలు, చర్మం రంగును మార్చే సాధనాలు ఉన్నాయి. వెలుతురు చక్కదిద్దడం, వెనుక ఉన్న గజిబిజి గోడను మాస్క్‌తో తీసివేయడం దోషం కాదు. మనిషి కొలతను మార్చడం మాత్రం చూసేవారిని మోసగించడమే. వస్తువులోని లోపాన్ని దాచి అమ్మడం తప్పని మన పిల్లలకు చిన్ననాటి నుండి చెబుతూనే ఉన్నాము. నికాహ్ విషయంలో ఆ మాట మరింత వర్తిస్తుంది. ఈ పని చేసిపెట్టమని ఎవరైనా అడిగితే, డబ్బు ఇస్తామన్నా సరే, మర్యాదగా నిరాకరించమని పని నేర్చుకుంటున్న అమ్మాయిలకు, అబ్బాయిలకు మా విన్నపం.

తల్లిదండ్రులకు కూడ ఒక విన్నపం. మీ పిల్లవాడు తెర ముందు గంటల తరబడి కూర్చుంటే విసుగు చెందకముందు, అతడు ఏమి కూర్చుతున్నాడో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. ఫైలు పంపేముందు పేర్లు చదివి సరిచూడండి. ఇందులో ఎవరి ఫోటో ఉన్నది, దాచినది నిజంగా పోయిందా అని అడగండి. ఆ ప్రశ్న అడగడానికి ఫోటోషాప్ రానవసరం లేదు.